హిమాలయాల్లో తపస్సు.. లివర్‌పూల్‌లో అణు ప్రయోగాలు: ఎవరీ స్వామి జ్ఞానానంద?

నరసరావుపేటలోనో, మాచర్లలోనో కూర్చుని మీరు ఈ వార్త చదువుతున్న ఫోన్‌లో ఓ చిప్ ఉంది. దాని తయారీలో చాలా పనులు గాలి తోడేసిన పెట్టెల్లోనే జరగాలి. అణు కణాలను వేగంగా పరుగెత్తించే యాక్సిలరేటర్లకూ ఇదే షరతు. ఆ గాలిని తోడేయడం ఎలా, ఎంత ఖాళీ అయిందో కొలవడం ఎలా? దీనిపై 1947లోనే న్యూయార్క్ నుంచి ఓ ఇంగ్లీష్ పుస్తకం వచ్చింది. పేరు 'హై వాక్యువా'. రాసింది ఎవరో కాదు, మన పశ్చిమ గోదావరి జిల్లా సన్యాసి! బెల్ ల్యాబ్స్‌లో తొలి ట్రాన్సిస్టర్ పనిచేసింది కూడా అదే ఏడాది డిసెంబర్‌లో. అంటే చిప్‌ల కాలం అప్పటికింకా మొదలే కాలేదన్నమాట.

స్వామి జ్ఞానానంద అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబర్ 5న భీమవరం దగ్గర్లోని గొరగనమూడిలో పుట్టారు. కుర్రవయసులోనే ఇల్లు వదిలి వెళ్లిపోయారు. హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. 1927లో జర్మనీ చేరారు. కథ మలుపు తిరిగింది అక్కడే. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన్ని పట్టేసింది. ముప్పై దాటిన వయసులో డ్రెస్డెన్‌లో మళ్లీ లెక్కలు, ఫిజిక్స్ మొదలుపెట్టారు. ఆ తర్వాత ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీపై పరిశోధన చేసి డాక్టరేట్ అందుకున్నారు.

అక్కడి నుంచి ఇంగ్లాండ్‌లోని లివర్‌పూల్‌కు. న్యూట్రాన్‌ను కనిపెట్టి 1935లో నోబెల్ గెలిచిన జేమ్స్ చాడ్విక్ అప్పుడు అక్కడే ఉన్నారు. సైక్లోట్రాన్ కట్టించిందీ ఆయనే. చాడ్విక్ దగ్గర స్వామీజీ బీటా కిరణాలపై పనిచేశారు. రేడియోధార్మిక పదార్థం నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్లను అయస్కాంతంతో వంచాలి. ఎంత వంగిందన్న దాన్ని బట్టి ఎంత శక్తితో బయటికొచ్చిందో లెక్క కడతారు. చెప్పుకోవడానికి తేలికే! కానీ దారిలో గాలి మిగిలితే ఎలక్ట్రాన్ దాన్ని గుద్దుకుని దారి తప్పుతుంది, కొలత తప్పుతుంది. పంపు సరిగా పనిచేయకపోయినా, ఓ అతుకు దగ్గర కాస్త లీక్ అయినా శ్రమంతా వృథా. ఆయన వాక్యూమ్ మీద పుస్తకమే రాశారంటే ఆశ్చర్యం ఏముంది?

మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం. తర్వాత అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీలోనూ పరిశోధన చేశారు. స్వదేశానికి వచ్చాక ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో చేరారు.

అసలు పరీక్ష విశాఖలో ఎదురైంది. ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌కు పునాది వేసే బాధ్యత ఆయనపై పడింది. 1956లో విభాగం మొదలయ్యేసరికి ఆయనకు అరవై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఆ వయసులో చాలామంది రిటైర్మెంట్ గురించి ఆలోచిస్తారు. ఈయన మాత్రం ల్యాబ్ నిలబెట్టే పనిలో పడ్డారు, కుర్ర పరిశోధకులను తయారు చేశారు. కాషాయం మాత్రం వదల్లేదు. మనవాళ్లు ఆయన గురించి మాట్లాడితే యోగం ముందుకొస్తుంది, పంపులు, అయస్కాంతాలు వెనక్కిపోతాయి. ఇది కొంచెం అన్యాయమే.

1969 సెప్టెంబర్ 21న ఆయన కన్నుమూశారు. ఆంధ్రా యూనివర్సిటీ న్యూక్లియర్ పరిశోధన ల్యాబ్‌లకు స్వామి జ్ఞానానంద పేరే పెట్టారు.