అలాన్ ట్యూరింగు

గంజాం జిల్లాయందలి ఛత్రపురము నేడు ఒడిశాలో నున్నను, 1911లో మద్రాసు రాజధానికి చెందియుండెను. అచ్చట జూలియస్ ట్యూరింగు అను ఆంగ్లేయుడు సివిల్ సర్వీసు ఉద్యోగిగా నుండెను. ఆయన భార్య సారా, మద్రాసు రైల్వే చీఫ్ ఇంజనీరగు స్టోనీగారి కుమార్తె. వీరి రెండవ కుమారుడగు అలాన్ 1912 జూన్ 23న లండనులో జన్మించెను. తలిదండ్రులు ఉద్యోగార్థము మరల ఈ దేశమునకు వచ్చుటచే బాలుడు అన్నతోకూడ ఇంగ్లండులో పరుల యింట పెరిగెను. హాస్టలులో నుండు మన విద్యార్థులకు ఈ కష్టమును వివరింపనక్కరలేదు.

1926లో ఇతడు షెర్బోర్ను పాఠశాలలో చేరబోవు దినమున దేశమంతట సమ్మె జరిగి రైళ్లు నిలిచిపోయెను. పదునాలుగేండ్లయినను నిండని ఆ బాలుడు సౌతాంప్టను రేవునుండి సుమారు 60 మైళ్లు సైకిలు త్రొక్కి, నడుమ ఒక రాత్రి సత్రమున విశ్రమించి, బడి చేరెను. 1930లో ప్రాణమిత్రుడగు క్రిస్టఫర్ మార్కం క్షయచే మరణించుట ఇతని హృదయమున మానని గాయమయ్యెను. మరుసటి యేట కేంబ్రిడ్జిలో చేరి, 1935లో కింగ్సు కాలేజీ ఫెలో అయ్యెను.

అదే సంవత్సరము న్యూమన్ అను అధ్యాపకుని ఉపన్యాసములలో ఇతడొక ప్రశ్న వినెను. జర్మను గణితజ్ఞుడగు హిల్బర్టు లేవనెత్తిన ప్రశ్న యది: ఏ గణితవాక్యము నిచ్చినను, అది నిరూపింపదగినదో కాదో తేల్చు నిశ్చితమైన పద్ధతి యొకటి కలదా? దీనికి బదులు వెదకుచు ఇతడు మనస్సులోనే యొక యంత్రమును కల్పించెను. గళ్లుగా విభజింపబడిన అంతులేని టేపు, గడిలోని గుర్తును చదివి, చెరిపి, వ్రాయు సాధనము, ఏ గుర్తునకేమి చేయవలెనో తెలుపు పట్టిక. అంతకుమించి అందులో నేమియు లేదు.

ఇక మేము ముఖ్యమని తలచు విషయమునకు వత్తుము. వంటచేయు విధమును వ్రాసిన కాగితము వేరు, బియ్యము వేరు. కాగితమును కుండలో వేసి వండినవారిని మేమింతవరకు చూడలేదు. కాని ట్యూరింగు యంత్రము వండునది అక్షరములనే. పట్టికయు అక్షరములతోనే వ్రాయబడునుగదా! ఇతడు పట్టికలోని ప్రతి ఆజ్ఞను ఏడు గుర్తులతో వ్రాసి, ఆ గుర్తులకు 1 మొదలు 7 వరకు అంకెల నిచ్చెను. ఆవిధముగా ఒక యంత్రమంతయు ఒకే పెద్ద సంఖ్య యయ్యెను. ఆ సంఖ్యను టేపుపై వ్రాసి మరియొక యంత్రమున కందింపవచ్చును. దానిని చదివి, ఆ మొదటి యంత్రము చేయు పనియంతయు తానే చేయగల సార్వత్రిక యంత్రమును ఇతడు 1936లో సమర్పించిన వ్యాసమున వర్ణించెను. ఆ పట్టికలలో కొన్ని తప్పులు దొరలగా తరువాతివారు సరిదిద్దిరి. భావమునకు మాత్రము లోపము కలుగలేదు.

ఈ శక్తినుండియే హద్దును పుట్టెను. ఏ యంత్రపు సంఖ్య నిచ్చినను, అది ఎన్నటికిని ఆగక అంకెలను వ్రాయుచుండునో, లేక నడుమ చిక్కుకొనునో తేల్చు పరీక్షకయంత్ర మొకటి కలదనుకొందము. దానిని లోపల నిముడ్చుకొని, ఒక్కొక్క సంఖ్యనే పరీక్షించుచు, మంచి యంత్రముల నన్నిటిని అనుకరించు వేరొక యంత్రమును చేయవచ్చును. దానికి తన సంఖ్యయే యెదురైననో? తన్ను తాననుకరింపబూని, ఆ యనుకరణములో మరల తన సంఖ్యనే చేరి, సుడిలో బడును. ఎన్నడును చిక్కుకొనరానిది చిక్కుకొనెను! కావున అట్టి పరీక్షకయంత్రము అసాధ్యము. హిల్బర్టు కోరిన పద్ధతియు లేదు. అమెరికాలో చర్చి అను పండితుడు వేరుదారిని ఈ ఫలితమునే ముందుగా చేరెను. ట్యూరింగు ఆయన యొద్ద చదివి 1938లో డాక్టరు పట్టము పొందెను.

యుద్ధకాలమున బ్లెచ్లీ పార్కులో, పోలండు గణితజ్ఞుల కృషిని ఆధారము చేసికొని, జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించు యంత్రమును రూపొందించెను. ఆ సేవ దశాబ్దములపాటు రహస్యముగనే యుండెను. యుద్ధానంతరము నిజమైన కంప్యూటరుకు నమూనా వ్రాసెను. అందు ఆజ్ఞలును అంకెలును ఒకే జ్ఞాపకస్థానమున నుండునట్లు నిర్ణయించెను. 1948లో మాంచెస్టరు చేరెను.

1952లో పురుషునితో సంబంధము కలిగియుండుట నేరమను నాటి శాసనము ప్రకారము ఇతడు శిక్షింపబడి, చెరసాలకు మారుగా ఔషధచికిత్సకు లోబడవలసివచ్చెను. 1954 జూన్ 7న సయనైడు విషముచే మరణించెను. విచారణాధికారి దానిని ఆత్మహత్యగా నిర్ణయించెను. 2013లో రాజక్షమాభిక్ష ప్రకటింపబడెను. మా యెఱిగినంతలో క్షమాపణ వేడవలసినది రాజ్యమేగాని ఇతడు కాడు. 2009లో ప్రధానమంత్రి ఆ పని చేసెను.

ఇతడు చూడనిది మరియొకటి కలదు. 1958లో అమెరికాయందు జాన్ మెకార్తి లిస్పు అను కంప్యూటరు భాషను నిర్మింప నారంభించెను. అందు దత్తాంశములు కుండలీకరణములలోని జాబితాలు. ప్రోగ్రామును అట్టి జాబితాయే. కావున ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును విడదీసి, మార్చి, క్రొత్తగా కూర్చగలదు. ట్యూరింగు యంత్రముకంటె తన భాష సుందరమైనదని చూపుటకు మెకార్తి లిస్పును చదివి నడుపు ప్రోగ్రామును లిస్పులోనే కాగితముపై వ్రాసెను. అది వాదమునకేగాని వాడుకకు కాదని ఆయన తలంపు. స్టీవ్ రస్సెల్ అను సహచరుడు దానిని ఐబీఎం 704 యంత్రభాషలోనికి చేతితో మార్చగా, కాగితముపైనున్నది నడువసాగెను.