సంఘ మానసాన్ని శోధించిన కర్ట్ లెవిన్

ఒక శాస్త్రవేత్త పేరుతో పురస్కారాన్ని నెలకొల్పడం ఆయనకు శాస్త్రలోకం తీర్చుకొనే ఋణం వంటిది. సాంఘిక మనోవిజ్ఞాన శాస్త్రంలో అటువంటి గౌరవం కర్ట్ లెవిన్‌కు రెండు ఖండాలలో దక్కింది. అమెరికాలో సాంఘిక సమస్యల మనోవైజ్ఞానిక అధ్యయన సంఘం 1948లో ఆయన స్మారకంగా ఒక పురస్కారాన్ని ఏర్పాటు చేసింది. ఐరోపా సాంఘిక మనోవిజ్ఞాన సంఘం కూడా తాను ప్రదానం చేసే పతకాలలో ఒకదానికి ఆయన పేరే పెట్టింది. ఇంతటి కీర్తికి పాత్రుడైన ఈ మనీషికి జీవించి ఉన్న కాలంలో స్వదేశంలో పూర్తిస్థాయి ఆచార్య పదవి లభించలేదు. ఆశ్రయమిచ్చిన అమెరికాలో సైతం ఏ విశ్వవిద్యాలయమూ తన మనోవిజ్ఞాన విభాగంలో ఆయనకు శాశ్వత స్థానం కల్పించలేదు.

లెవిన్ 1890 సెప్టెంబరు 9న నాటి ప్రష్యా పాలనలోని పోజెన్ ప్రాంతంలో మొగిల్నో అనే చిన్న ఊరిలో జన్మించాడు. ఆ ఊరు నేడు పోలెండు దేశంలో ఉంది. తండ్రి లియోపోల్డ్ ఒక దుకాణం నడిపేవాడు. దుకాణం పైఅంతస్తులోనే కుటుంబ నివాసం. వారు యూదులు. ఆ రోజులలో యూదులకు సైన్యంలో అధికారి కావడం, ప్రభుత్వ కొలువులో ఉన్నత స్థానం పొందడం గగనకుసుమమే. తోటి బాలుర మధ్య తానొక వేరు మనిషినన్న స్పృహ ఆ వాతావరణంలో పెరిగే ప్రతి యూదు బాలునికీ కలిగేది. పిల్లల చదువు కోసం ఆ కుటుంబం 1905లో బెర్లిన్ నగరానికి తరలివచ్చింది. లెవిన్ 1909లో ఫ్రైబర్గ్‌లో వైద్యవిద్యలో చేరి, మ్యూనిక్‌లో కొంతకాలం జీవశాస్త్రం చదివి, చివరకు బెర్లిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ స్టంఫ్ శిష్యుడిగా మనోవిజ్ఞాన శాస్త్రంలో స్థిరపడ్డాడు.

పరిశోధన ముగింపు దశకు వచ్చేసరికి మొదటి ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. లెవిన్ సామాన్య సైనికుడిగా చేరి లెఫ్టినెంటు స్థాయికి ఎదిగాడు. యుద్ధంలో తమ్ముడు ఫ్రిట్జ్ మరణించాడు. 1918లో లెవిన్ తీవ్రంగా గాయపడ్డాడు. శౌర్యానికి గుర్తుగా ఆయనకు ఇనుప శిలువ పతకం లభించింది. ఈ రక్తపాతం నడుమ 1917లో ఆయన యుద్ధభూమి దృశ్యాన్ని గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. శాంతికాలంలో అన్ని దిక్కులా ఒకేలా పరచుకొని కనిపించే నేల, యుద్ధరంగాన్ని సమీపించే సైనికుని కంటికి వేరొక రూపం ధరిస్తుంది. దానికి ముందు, వెనుక ఏర్పడతాయి. ఎక్కడో ఒకచోట అది ముగిసిపోయినట్లు తోస్తుంది. పల్లపు దారి రమణీయ దృశ్యం కాదు, తలదాచుకొనే చోటు. ఇంటిలోని కర్రసామాను గృహోపకరణం కాదు, వంటచెరకు. నేల మారలేదు, చూసేవాని అవసరం మారింది. మనిషి ప్రవర్తనను అర్థం చేసుకోవాలంటే అతడినీ, ఆ క్షణంలో అతనికి గోచరించే పరిసరాలనూ కలిపి పరిశీలించాలని లెవిన్ తరువాతి కాలంలో ప్రతిపాదించిన క్షేత్ర సిద్ధాంతానికి బీజాలు ఈ చిన్న వ్యాసంలోనే ఉన్నాయి.

యుద్ధానంతరం 1921 నుండి బెర్లిన్ మనోవిజ్ఞాన సంస్థలో ఆయన బోధన ఆరంభించాడు. గెస్టాల్ట్ వాదానికి మూలపురుషులైన వెర్తైమర్, కోలర్ అక్కడ ఆయన సహచరులు. లెవిన్ తరగతి గదికి గోడలు లేవు. శిష్యులతో కాఫీ హోటల్‌లో కూర్చొని గంటల తరబడి చర్చించేవాడు. ఎవరేమి తీసుకున్నారో కాగితం మీద రాసుకోకుండానే హోటల్ సేవకుడు పూర్తి లెక్క చెప్పేవాడు. సొమ్ము చెల్లించిన తరువాత కొంతసేపటికి అదే లెక్క మళ్ళీ అడిగితే అతడు చెప్పలేకపోయాడట. ఈ చిన్న విషయమే ఆయన శిష్యురాలు బ్లూమా జైగార్నిక్ పరిశోధనకు ప్రేరణ అని చెబుతారు. ఆమె తన ప్రయోగాలలో పాల్గొన్నవారికి పలు చిన్న పనులు అప్పగించి, వాటిలో సగాన్ని మధ్యలో ఆపించింది. పూర్తయిన పనులకంటే సగంలో ఆగినవే దాదాపు రెట్టింపుగా గుర్తున్నాయి. 1927లో ప్రచురితమైన ఈ ఫలితమే జైగార్నిక్ ప్రభావంగా ప్రసిద్ధి పొందింది. స్త్రీలకు పరిశోధనా రంగంలో అవకాశాలు అరుదుగా ఉన్న ఆ కాలంలో జైగార్నిక్, తమారా డెంబో, మరియా ఒవ్సియాంకినా వంటి యువతులు లెవిన్ శిష్యులలో అగ్రగణ్యులు కావడం గమనార్హం.

మనసులోని సంఘర్షణలను ఆయన వర్గీకరించిన తీరు నేటికీ పాఠ్యగ్రంథాలలో నిలిచి ఉంది. రెండూ ఇష్టమైనవే అయి ఒకటే ఎంచుకోవలసి రావడం ఉపగమ-ఉపగమ సంఘర్షణ. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లు రెండూ కష్టమైనవే కావడం పరిహార-పరిహార సంఘర్షణ. ఒకే వస్తువు ఆకర్షించడం, అదే భయపెట్టడం ఉపగమ-పరిహార సంఘర్షణ. వీటిలో మూడవది మనిషిని ఎక్కువకాలం ఊగిసలాడిస్తుంది.

1929లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ మనోవిజ్ఞాన మహాసభ జరిగింది. లెవిన్ జర్మన్ భాషలోనే ప్రసంగిస్తూ, తాను చిత్రీకరించిన ఒక చలనచిత్రాన్ని ప్రదర్శించాడు. అందులో ఒక పసిపాప రాతి మీద కూర్చోవాలని తాపత్రయపడుతుంది. కూర్చోవాలంటే రాతికి వీపు తిప్పాలి. వీపు తిప్పితే కోరుకున్న రాయి కనుమరుగవుతుంది. పాప రాతి చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. భాష అర్థంకాని శ్రోతలకు కూడా భావం సూటిగా తాకింది. ఆ ప్రసంగంతో అమెరికా పండితులలో ఆయన పేరు వ్యాపించింది. 1932లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయనను అతిథి అధ్యాపకుడిగా ఆహ్వానించింది.

అక్కడి నుండి జపాన్, రష్యాల మీదుగా తిరిగివస్తుండగా హిట్లర్ అధికారంలోకి వచ్చినట్లు లెవిన్‌కు తెలిసింది. 1933 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం యూదు అధ్యాపకులను కొలువుల నుండి తొలగించింది. యుద్ధరంగంలో పోరాడినవారికి అందులో మినహాయింపు ఉంది. ఇనుప శిలువ ధరించిన లెవిన్ కోరుకుంటే కొంతకాలం ఉండగలిగేవాడు. తన పిల్లలకు చోటులేని విశ్వవిద్యాలయంలో తాను పాఠం చెప్పలేనని నిశ్చయించుకొని ఆయన ఆ ఏడాదే భార్య గెర్‌ట్రూడ్‌తో, బిడ్డతో అమెరికా చేరాడు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు నలభైమూడేళ్ళు. ఇంగ్లీషు అంతంతమాత్రం. కోర్నెల్ విశ్వవిద్యాలయంలో గృహవిజ్ఞాన విభాగం రెండేళ్ళు చోటిచ్చింది. 1935లో అయోవా విశ్వవిద్యాలయపు శిశు సంక్షేమ పరిశోధన కేంద్రంలో చేరాడు.

స్వదేశంలో ప్రజాస్వామ్యం కళ్ళెదుట కూలిపోవడం చూసిన శాస్త్రవేత్తకు నాయకత్వం కేవలం ఒక పరిశోధనాంశం కాదు. అయోవాలో రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే సహచరులతో కలిసి ఆయన పదేళ్ళ వయసు బాలుర బృందాలను ఏర్పాటు చేశాడు. వారికి ముసుగుల తయారీ వంటి సరదా పనులు అప్పగించారు. ఒక నాయకుడు ప్రతి పనినీ ఆజ్ఞాపించేవాడు. మరొకడు బాలురతో చర్చించి నిర్ణయాలు తీసుకొనేవాడు. ప్రజాస్వామిక నాయకుని పాత్రలో కొత్తగా దిగిన వైట్ బాలురను పూర్తిగా వారి ఇష్టానికి వదిలేశాడు. ఇంకొకరైతే దానిని పొరపాటుగా భావించి ఆ భాగాన్ని కొట్టివేసేవారే. లెవిన్ అందులో మూడవ తరహా నాయకత్వాన్ని గుర్తించి, జోక్యరహిత నాయకత్వంగా ప్రయోగంలో చేర్చాడు. నిరంకుశ నాయకుని కింద బాలురు పని ఎక్కువగానే చేశారు. అయితే అతడు గదిలోంచి వెళ్ళగానే పని ఆగిపోయేది. నాయకుని ఎదిరించలేని కోపం బలహీనుడైన తోటివాని మీద విరుచుకుపడేది. ఆ వేధింపులకు బాలురు బృందాన్ని విడిచిపోయిన సందర్భమూ ఉంది. ప్రజాస్వామిక బృందంలో నాయకుడు లేకున్నా పని సాగింది. యూదులను బలిపశువులుగా చేసిన జర్మనీ ఛాయ ఆ చిన్న గదిలో కనిపించింది.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆయన దృష్టి వంటింటి వైపు మళ్ళింది. సైన్యానికి మాంసం పంపవలసి రావడంతో, పశువుల గుండెకాయ, మూత్రపిండాలు వంటి భాగాలను ప్రజల చేత తినిపించడం ప్రభుత్వానికి సమస్య అయింది. అవి పోషకభరితమే అయినా అమెరికా గృహిణులకు వాటిపై ఏవగింపు. మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ కార్యదర్శిగా ఉన్న ఆహారపుటలవాట్ల సంఘం తరఫున లెవిన్ ఈ సమస్యను చేపట్టాడు. కుటుంబం ఏమి తినాలో నిర్ణయించేది వస్తువును ఇంటిలోకి రానిచ్చే గృహిణి అని ఆయన ముందుగా గ్రహించాడు. కొన్ని బృందాల గృహిణులకు నిపుణులు చక్కని ఉపన్యాసాలిచ్చారు. మరికొన్ని బృందాలలో గృహిణులే తమ ఇబ్బందులను చర్చించుకొని, చివరకు చేతులెత్తి నిర్ణయం తెలిపారు. ఉభయులకూ ఇచ్చిన సమయం 45 నిమిషాలే. తరువాత విచారిస్తే, అంతకుముందు ఎన్నడూ వండని మాంసాన్ని ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం, చర్చించినవారిలో 32 శాతం వడ్డించినట్లు తేలింది. తొలి కాన్పు తల్లులకు శిశువులకు కాడ్ చేపనూనె, నారింజరసం ఇవ్వవలసిన అవసరాన్ని విడివిడిగా బోధించినప్పటికంటే, చిన్న బృందాలుగా చర్చించి నిర్ణయించుకొన్నప్పుడు వారు మరింత శ్రద్ధగా ఆచరించారు. ఆరోగ్య మనోవిజ్ఞానమనే శాఖకు ఇంకా పేరైనా లేని రోజులవి. 1950వ దశకంలో అమెరికా ప్రజారోగ్య శాఖలోని మనోవిజ్ఞానులు, క్షయ పరీక్షలకు ప్రజలెందుకు రావడం లేదో వివరించడానికి రూపొందించిన ఆరోగ్య విశ్వాస నమూనాలో లెవిన్ భావాల ప్రభావం స్పష్టంగా ఉంది.

ఎందరి అలవాట్లనో మార్చగలిగిన ఆ శాస్త్రవేత్త కన్నతల్లిని కాపాడుకోలేకపోయాడు. ఆమెను ఐరోపా నుండి రప్పించడానికి చేసిన ప్రయత్నాలన్నీ విఫలమయ్యాయి. నాజీలు ఆక్రమిత పోలెండులోని మృత్యుశిబిరానికి ఆమెను తరలించారు. ఆమె అక్కడే ప్రాణాలు కోల్పోయింది.

1945లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో సమూహ గతిశాస్త్ర పరిశోధన కేంద్రాన్ని లెవిన్ స్థాపించాడు. సమాజాన్ని మార్చే ప్రయత్నంలోనే దానిని అధ్యయనం చేసే చర్యాత్మక పరిశోధన ఆయన చివరి ఏళ్ళ ధ్యేయం. 1946 వేసవిలో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూబ్రిటన్‌లో జాతివివక్షను ఎదుర్కొనే కార్యకర్తలకు శిక్షణ ఏర్పాటైంది. ప్రతి సాయంత్రం పరిశోధకులు సమావేశమై ఆనాటి బృందాల తీరును చర్చించుకొనేవారు. ఒకనాడు కొందరు శిక్షణార్థులు తామూ వింటామన్నారు. కొందరు సహచరులు సందేహించినా లెవిన్ అనుమతించాడు. తన ప్రవర్తన గురించి పరిశోధకుడు చెప్పింది విన్న ఒక శిక్షణార్థిని, అది సరికాదని అక్కడికక్కడే ఖండించింది. వాదోపవాదాలు సాగాయి. మరుసటి సాయంత్రాలలో మిగిలినవారూ వచ్చి కూర్చున్నారు. తమ నడవడిని తామే విని చర్చించుకొనే శిక్షణాపద్ధతి అలా పుట్టి, తరువాతి ఏడాది బెథెల్‌లో స్థాపించిన శిక్షణాలయం ద్వారా వ్యాపించింది.

ఆ ఆరంభాన్ని చూడడానికి లెవిన్ లేడు. 1947 ఫిబ్రవరి 12న మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్‌విల్‌లో తన ఇంట గుండెపోటుతో కన్నుమూశాడు. వయస్సు 56 ఏళ్ళు. ఆయన వ్యాసాలను గెర్‌ట్రూడ్ సంకలించి మరుసటి ఏడాది వెలువరించింది. పరిశోధన కేంద్రం మిచిగన్ విశ్వవిద్యాలయానికి తరలింది. ఆయన చుట్టూ చేరిన యువకులలో లియాన్ ఫెస్టింగర్, మోర్టన్ డాయిచ్, హెరాల్డ్ కెల్లీ, స్టాన్లీ షాక్టర్ తరువాతి తరానికి మార్గదర్శకులయ్యారు. బ్రతికుండగా దక్కవలసిన పీఠం దక్కకపోయినా, సంస్మరణ సభలో టోల్మన్ వంటి ఉద్దండుడు ఆయనను ఫ్రాయిడ్ సరసన నిలిపాడు.

పరిశోధనను సామాజిక కార్యాచరణతో మేళవించినవారికే లెవిన్ స్మారక పురస్కారం లభిస్తుంది. 1967లో దానిని పొందిన ముజఫర్ షెరీఫ్ బాలుర బృందాల మధ్య వైరం పుట్టే తీరునూ, ఉమ్మడి లక్ష్యంతో అది చల్లారే తీరునూ పరిశోధించినవాడు. అంతకుముందు ఏడాది, 1966లో, ఆ గౌరవం కెన్నెత్ క్లార్క్‌కు దక్కింది. నల్లజాతి పిల్లలు తెల్లని బొమ్మనే మంచిదిగా ఎంచుకోవడాన్ని నమోదు చేసిన పరిశోధన ఆయనది. పాఠశాలల్లో వర్ణవిభజన చెల్లదని 1954లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పులో క్లార్క్ రచన ప్రస్తావన ఉంది. ఆ బొమ్మల పరిశోధనకు మూలం మాత్రం ఆయన భార్య మేమీ క్లార్క్ స్నాతకోత్తర పట్టా కోసం రాసిన సిద్ధాంతవ్యాసం.