మురికివాడల లెక్క తేల్చిన మెల్‌బోర్న్ అకౌంటెంట్

మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మనవాళ్లలో చాలామంది వెరిబీ, టార్నీట్, పాయింట్ కుక్ వైపు ఇళ్లు కొనుక్కున్నారు. వీలున్నప్పుడు సిటీకి ఆనుకుని ఉన్న ఫిట్జ్‌రాయ్, కాలింగ్‌వుడ్, కార్ల్‌టన్ వెళ్తే అక్కడి కాఫీ షాపులు, మిలియన్ డాలర్లు దాటిన పాత ఇటుక ఇళ్లు చూసి ముచ్చటపడతాం. తొంభై ఏళ్ల కిందట ఆ ఇళ్ల వెనక సందుల్లో, ఎండ తగలని ఒకటి రెండు గదుల్లో ఇంటిల్లిపాదీ బతికేవారని ఎవరైనా చెబితే నమ్మడం కష్టం. ఆ బతుకును ఊరందరికీ చూపించి, ప్రభుత్వాన్ని కదిలించిన మనిషి డాక్టరూ కాదు, రాజకీయ నాయకుడూ కాదు. జమాఖర్చులు చూసుకునే అకౌంటెంట్. పేరు ఫ్రెడరిక్ ఓస్వాల్డ్ బార్నెట్.

ఆయన 1883లో మెల్‌బోర్న్ శివారు బ్రన్స్‌విక్‌లో పుట్టారు. బంగారు గనుల డబ్బుతో నగరం వెలిగిపోతున్న కాలం అది. భవనాలు లేచాయి కానీ భూగర్భ డ్రైనేజీ మాత్రం లేదు. పెరట్లో దొడ్డి, అందులో డబ్బా, రాత్రిపూట వెనక సందులోంచి వచ్చి దాన్ని ఎత్తుకెళ్లే మనుషులు. వాడుక నీళ్లన్నీ వీధి కాలువల్లోకే. మెల్‌బోర్న్‌ను వెటకారంగా స్మెల్‌బోర్న్ అనేవారు. టైఫాయిడ్ విజృంభించి వందల మందిని పొట్టన పెట్టుకున్నాక 1891లో నీళ్లకు, మురుగుకు కలిపి ఒక బోర్డు పెట్టారు. 1897లో స్పాట్స్‌వుడ్‌లో పంపింగ్ స్టేషన్ మొదలై, నగరం మురుగు వెరిబీ పొలాలకు చేరడం ప్రారంభమైంది. మన పిల్లల్ని తీసుకెళ్లే సైన్స్‌వర్క్స్ మ్యూజియం ఉన్నది ఆ పంపింగ్ స్టేషన్ ఆవరణలోనే. వెరిబీ దగ్గరి ఆ శుద్ధి కేంద్రం నేటికీ పనిచేస్తోంది.

పైపులు వచ్చినంత మాత్రాన పేదల ఇళ్లు బాగుపడలేదు. ఒక ఇల్లు పట్టే స్థలంలో రెండు ఇళ్లు ఇరికించి అద్దెకిచ్చినవాళ్లకు బాత్‌రూమ్ కట్టించాలన్న తొందర లేదు. చెమ్మ పట్టిన గోడలు, కారే కప్పు, నల్లులు, ఎలుకలు. పైగా 1930ల మొదట్లో వచ్చిన ఆర్థిక మాంద్యంతో పనులు పోయి, ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలు సర్దుకోవాల్సి వచ్చింది. క్షయ, డిఫ్తీరియా లాంటి జబ్బులకు అంతకంటే అనువైన చోటు ఏముంటుంది?

మెథడిస్ట్ చర్చి సేవా పనుల్లో తిరుగుతూ బార్నెట్ 1920ల్లో ఈ సందుల్ని దగ్గరగా చూశారు. పసిబిడ్డల కోసం సౌత్ యారాలో 1929లో తెరిచిన మెథడిస్ట్ బేబీస్ హోమ్ వెనక ఆయన కృషి ఉంది. అయితే బిడ్డల్ని కాపాడటం ఒక ఎత్తు, వాళ్లు జబ్బుపడే ఇళ్లను మార్చడం మరో ఎత్తు అని ఆయనకు అర్థమైంది. నలభై ఏళ్లు దాటాక మెల్‌బోర్న్ యూనివర్సిటీలో కామర్స్ మాస్టర్స్‌కు కూర్చుని, 1931లో థీసిస్ సమర్పించారు. విషయం మురికివాడల ఆర్థిక వ్యవహారం. ఉద్యోగం, సంసారం చూసుకుంటూ మాస్టర్స్ చేసినవాళ్లకు ఆ శ్రమ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆ పరిశోధన 1933లో ది అన్‌సస్పెక్టెడ్ స్లమ్స్ అనే చిన్న పుస్తకంగా వచ్చింది. మన పక్కనే ఉన్నా మనం అనుమానించని మురికివాడలు అన్నది ఆ పేరులోని భావం.

తర్వాత ఆయన చేసిన పని మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా అర్థమవుతుంది. ముందు డేటా సేకరణ. తోటివారితో కలిసి ఇంటింటికీ తిరిగి ఎంతమంది ఉంటున్నారు, గదులెన్ని, అద్దె ఎంత, రాబడి ఎంత అని రాసుకున్నారు. తర్వాత ఆ డేటాను అందరికీ అర్థమయ్యేలా చూపడం. కెమెరా పట్టుకుని సందుల్ని, పెరళ్లను, వంటగదుల్ని ఫొటోలు తీశారు. వాటిని లాంతర్ స్లైడ్లుగా మార్చి సభల్లో తెర మీద చూపిస్తూ ఉపన్యాసాలిచ్చారు. అంకెలు చెబితే తల ఊపి వెళ్లిపోయేవాళ్లు, ఆ బొమ్మలు చూశాక వెళ్లలేకపోయారు.

1936లో రాష్ట్ర ప్రీమియర్ ఆల్బర్ట్ డన్‌స్టన్‌ను ఆ సందుల్లోకే తీసుకెళ్లి తిప్పారు. డన్‌స్టన్ పల్లె ప్రాంతాల పార్టీ నాయకుడు. నగర పేదల ఓట్లతో ఆయనకు పెద్దగా పనిలేదు. అయినా ఆ పర్యటన తర్వాత అదే ఏడాది గృహస్థితిని విచారించడానికి, మురికివాడల నిర్మూలనకు ఒక బోర్డు వేశారు. బార్నెట్ అందులో సభ్యుడు. ఆ బోర్డు 7,000కు పైగా ఇళ్లను పరిశీలించి 1937లో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాదే విక్టోరియాలో పోలియో మహమ్మారి మొదలైంది. 1938లో హౌసింగ్ కమిషన్ పని ప్రారంభించింది. బార్నెట్ 1948 వరకు అందులో పనిచేశారు. పోర్ట్ మెల్‌బోర్న్ పక్కన ఫిషర్మన్స్ బెండ్‌లో కమిషన్ కట్టిన తొలి ఇళ్లలో బాత్‌రూమ్, ఎండ వచ్చే కిటికీలు, చిన్న తోట ఉండేవి. ఈ రోజు మనకవి మామూలు విషయాలు. సందుల్లోంచి వచ్చినవారికి అప్పుడది కొత్త జీవితం.

ఇక్కడితో ఆపితే కథ అందంగానే ఉంటుంది, కానీ సగమే అవుతుంది. ఆ సందుల్లో ఉన్నవాళ్లందరూ ఇల్లు ఖాళీ చేయాలని కోరుకోలేదు. కాలింగ్‌వుడ్ చెప్పుల ఫ్యాక్టరీకి నడిచి వెళ్లేవాళ్లకు దూరంలో ఇల్లిస్తే ట్రామ్ ఖర్చు మీద పడుతుంది. చేబదులిచ్చే పొరుగింటివాళ్లు దూరమవుతారు. ఇల్లు పాతదే అయినా అద్దంలా పెట్టుకున్న ఇల్లాలికి తన వీధిని మురికివాడ అనడం అవమానమే. ఆనాటి సంస్కర్తల్లో, బార్నెట్‌తో సహా, పేదవాళ్లకు ఏది మంచిదో తమకే తెలుసన్న ధోరణి ఉండేది. ఇళ్ల లోపాల్ని లెక్కపెట్టినంత శ్రద్ధగా అక్కడివాళ్ల అభిప్రాయాల్ని లెక్కపెట్టలేదు.

దాని ఫలితం ఆయన కమిషన్ విడిచాక బాగా కనిపించింది. 1960లలో వీధులకు వీధులు కూలగొట్టి ఎత్తైన టవర్లు కట్టారు. కార్ల్‌టన్ లాంటి చోట్ల స్థానికులు సంఘాలు పెట్టి ఎదురు తిరిగాక గానీ ఆ కూల్చివేతలు ఆగలేదు. బార్నెట్ 1972లో కన్నుమూశారు. కథ అక్కడితోనూ ఆగలేదు. ఆ టవర్లు మొత్తం 44ను 2051 నాటికి దశలవారీగా కూల్చి కొత్తవి కడతామని విక్టోరియా ప్రభుత్వం 2023లో ప్రకటించింది. వాటిలో ఉంటున్నవారిలో చాలామంది మనలాగే వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు. మళ్లీ అదే ప్రశ్న, అదే భయం.

మనకూ ఇది కొత్త కాదు. 1908 మూసీ వరద, ఆ తర్వాత ప్లేగు చూసిన హైదరాబాద్‌లో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తొలగించి వెడల్పు వీధులు, కొత్త ఇళ్లు కట్టారు. కారణాలు, మాటలు దాదాపు ఇవే.

బార్నెట్ తీసిన ఫొటోలు స్టేట్ లైబ్రరీ విక్టోరియాలో భద్రంగా ఉన్నాయి. ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఈసారి ఫిట్జ్‌రాయ్ వెళ్లే ముందు పిల్లలకు ఒకసారి చూపించండి. ఉండటానికి పనికిరాని ఇంట్లో ఎవరూ ఉండకూడదని ఆయన ఒక నగరాన్ని ఒప్పించారు. ఆ ఇంట్లోంచి కదిలించే ముందు అక్కడ ఉన్నవాళ్లను అడగాలన్న పాఠం ఆ నగరం ఇంకా నేర్చుకుంటూనే ఉంది.