బానిసల గురువు ధన్య లావల్

మారిషస్ దీవి అనగానే మనకు అక్కడి తెలుగువారు గుర్తుకు వస్తారు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. వారి తాతముత్తాతలలో చాలామంది గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కి, చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా పనిచేయడానికి వెళ్ళినవారు. అయితే ఆ తోటల్లో మనవారికంటే ముందు చెమటోడ్చినవారు వేరే ఉన్నారు. వారు ఆఫ్రికా నుండి, మడగాస్కర్ నుండి, కొందరు మన దేశం నుండి కూడా కొని తెచ్చిన బానిసలు. వారి మధ్య 23 ఏళ్ళు బ్రతికి, వారి మధ్యనే కన్నుమూసిన గురువు జాక్ దెజిరే లావల్ గారు.

ఆయన 1803 సెప్టెంబరు 18న ఫ్రాన్సు దేశం నార్మండీలోని క్రోత్ గ్రామంలో, కలిగిన రైతు కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. పారిస్‌లో వైద్యం చదివి 1830లో డాక్టరయ్యారు. మంచి ప్రాక్టీసు, మంచి గుర్రం, మంచి బట్టలు. దేవాలయానికి వెళ్ళడం మాత్రం తగ్గిపోయింది. ఒకసారి గుర్రం మీదనుండి పడి ప్రాణాపాయం తప్పించుకున్నాక మనసు మారిందని చెబుతారు. 1835లో గురువిద్యాలయంలో చేరి, 1838 డిసెంబరులో గురుపట్టం పొందారు. కొంతకాలం పింటర్‌విల్ అనే చిన్న విచారణను చూసి, 1841 సెప్టెంబరు 14న మారిషస్ రేవులో దిగారు.

ఆ దీవి అప్పుడెలా ఉందో తెలిస్తే తప్ప ఆయన చేసిన పని విలువ తెలియదు. బ్రిటిషు ప్రభుత్వం 1835 ఫిబ్రవరి 1 నుండి అక్కడ బానిసత్వాన్ని రద్దుచేసింది. కాని విడుదలైనవారు మరో నాలుగేళ్ళు పాత యజమానుల దగ్గరే పనిచేయాల్సి వచ్చింది. నష్టపరిహారంగా ఇరవై లక్షల పౌన్లకు పైగా సొమ్ము మారిషస్‌కు వచ్చింది. ఆ సొమ్మంతా యజమానులకే! కొరడా దెబ్బలు తిన్నవాడికి ఒక్క కాసు గాని, సెంటు భూమి గాని దక్కలేదు. బానిసలకు జ్ఞానస్నానం ఇప్పించాలని ఫ్రెంచివారి కాలపు చట్టంలో ఉంది గాని, జ్ఞానోపదేశం చెప్పే నాథుడు లేడు. పెళ్ళికి కూడా యజమాని అనుమతి కావలసిన రోజులవి.

లావల్ గారు ముందుగా ఆ జనం మాట్లాడే క్రియోల్ భాష నేర్చుకున్నారు. దొరలకు అది మొరటు భాష. పగలంతా పనిలో ఉంటారు కనుక రాత్రిళ్ళు ఉపదేశం పెట్టారు. విన్నవారిలో నుండే ఉపదేశులను, ఉపదేశినులను తయారుచేశారు. నిన్నటిదాకా సంతలో సరుకుగా అమ్ముడైన మనిషి ఇవాళ పదిమందిని కూర్చోబెట్టి ప్రార్థన నేర్పడం దొరలకు మింగుడుపడలేదు. గురువుగారిని ఎగతాళి చేశారు, బెదిరించారు కూడా. ఆయన చలించలేదు. తన డాక్టరు చదువును రోగుల కోసం వాడారు. ఊరూరా చిన్న చిన్న ప్రార్థనాలయాలు లేచాయి. వాటిని కట్టింది ఆ పేదవారే.

ఆయన 1864 సెప్టెంబరు 9న మరణించారు. సమాధికి నలభై వేలమంది వచ్చారని చెబుతారు. 1979 ఏప్రిల్ 29న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను ధన్యునిగా ప్రకటించారు. ఆ పోపుగారి చేతిమీదుగా ధన్యతకెక్కిన మొదటివారిలో ఈయన ఒకరు.

ఇక్కడితో కథ ముగిస్తే సగమే చెప్పినట్టు. లావల్ గారు ఆ ప్రజలకు విశ్వాసం ఇచ్చారు, తలెత్తుకునే ధైర్యం ఇచ్చారు. భూమి సంగతి, పరిహారం సంగతి అలాగే ఉండిపోయాయి. అది ఒక్క గురువు చేతిలో ఉన్న పని కాదు. 1993లో క్రియోల్ జాతివాడే అయిన ఫాదర్ రోజే సెర్వో గారు తన జనం వెనుకబాటుతనాన్ని బహిరంగంగా ఎత్తిచూపారు. తిరుసభను కూడా వదలలేదు. ఆ మాట దేశమంతా చర్చ లేపింది.

చివరికి 2008లో మారిషస్ పార్లమెంటు చట్టం చేసి సత్య న్యాయ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. దక్షిణాఫ్రికా కమిషన్‌లో డెస్మండ్ టూటూ గారి పక్కన పనిచేసిన అలెక్స్ బొరైన్ గారు దీనికి అధ్యక్షత వహించారు. 1638 నుండి జరిగిన బానిసత్వాన్నీ, ఆ తరువాతి ఒప్పంద కూలీల చరిత్రనూ కలిపి విచారించడం దీని ప్రత్యేకత. అంటే ఆఫ్రికావారి గోడూ, మన కోరంగివారి గోడూ ఒకే బల్ల ముందుకు వచ్చాయన్నమాట. తమ పూర్వీకుల భూములు ఎలా చేజారాయో చెప్పుకోవడానికి ఎన్నో కుటుంబాలు వచ్చాయి. 2011 నవంబరులో నివేదిక అందింది.

ఒక తేడా గమనించండి. కూలీలుగా వెళ్ళినవారి పేరు, ఊరు, ఎక్కిన ఓడ రిజిస్టర్లలో ఉన్నాయి. వారి మునిమనుమలు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థకు వెళ్ళి చూసుకోవచ్చు. బానిస బిడ్డలకు ఆ భాగ్యం తక్కువ. కొన్నప్పుడే వారి అసలు పేరు పోయింది, విడుదలప్పుడు ఎగతాళి పేర్లు తగిలించిన సందర్భాలూ ఉన్నాయి. మన రేపల్లె, బాపట్ల వైపు తరతరాలుగా పాలేరుతనం చేసిన కుటుంబాల పెద్దలకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. మన దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లోనే కదా.

ఏటా సెప్టెంబరు 8వ తేదీ రాత్రి జనం పోర్ట్ లూయీ నగరంలోని సెంట్ క్రోవాకు కాలినడకన బయలుదేరుతారు. మన గుణదల తిరునాళ్ళలాగే అక్కడా కతోలికులతోపాటు హిందువులు, ముస్లిములు కనిపిస్తారు. తెల్లవారేసరికి లావల్ గారి సమాధి చుట్టూ కొవ్వొత్తులు వెలుగుతుంటాయి.