ఐవాన్ పావ్లోవు

రష్యాదేశమున మాస్కో నగరమునకు ఆగ్నేయదిశయందు రియాజాన్ అను పట్టణము కలదు. 1849వ సంవత్సరమున ఆ పట్టణమునందు ఒక మతగురువు ఇంట ఐవాన్ పావ్లోవు జన్మించెను. బాల్యమున ఎత్తైన గోడమీదినుండి రాతినేలపై పడి గాయపడుటచేత ఆయన చదువు ఆలస్యముగా ఆరంభమయ్యెను. తండ్రివలె మతాచార్యుడు కావలెనని మతవిద్యాలయమున చేరెను. కాని ప్రకృతిశాస్త్ర గ్రంథములు ఆయన మనస్సును మరలించెను. 1870లో ఆయన సెయింట్ పీటర్స్‌బర్గు విశ్వవిద్యాలయమున ప్రవేశించెను.

పావ్లోవు మొదట జీర్ణక్రియను పరిశోధించెను. మింగిన ఆహారము కడుపునకు పోక మెడయొద్దనే వెలికి వచ్చునట్లు ఒక కుక్కకు శస్త్రచికిత్స చేసెను. ఆకలిగొన్న ఆ కుక్క ఆత్రముగా తినుచుండెను. ఒక్క ముద్దయు కడుపు చేరలేదు. అయినను సుమారు ఐదు నిమిషములలో కడుపున జీర్ణరసము ఊరసాగెను. మరియొకప్పుడు కుక్క ఎరుగకుండ రొట్టెను నేరుగా కడుపులో ఉంచగా చాలసేపటివరకు రసము ఊరలేదు. తినవలెనను కోరికయే జీర్ణక్రియను మేల్కొలుపునని ఆయన గ్రహించెను. ఈ పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము లభించెను.

అంతకు పూర్వమే ఆయన దృష్టి మరియొక విషయముపై నిలిచెను. ఒక ధ్వనిని వినిపించి, వెంటనే కుక్కకు ఆహార మిచ్చుచుండిరి. పలుమారు లిట్లు చేసిన పిదప, ఆహారము కనబడకున్నను, ధ్వని వినగనే కుక్కనోట లాలాజలము ఊరుచుండెను. ఆయన శిష్యులు దానిని బొట్టుబొట్టుగా లెక్కించిరి.

ఇచ్చట ఒక విశేషము కలదు. కుక్క అదియే, ధ్వని అదియే, ఆహారమును అదియే. కాని ముందుగానే కడుపునిండ తిన్న దినమున ఆ ధ్వనికి లాలాజలము తగ్గిపోవుచుండెను. ఒక్కొక్కప్పుడు ఊరకయే యుండెను. కుక్క నేర్చిన పాఠమును మరచెనా? మరువలేదు. మరల ఆకలి వేయగనే ధ్వనికి పూర్వపు శక్తి కలుగుచుండెను. కావున బహుమానముయొక్క బలము బహుమానమునందే లేదు. దానిని పొందువాని కొరతయందును కలదు. అడుగకముందే, శ్రమింపకముందే కావలసినంత లభించినచో ఆ వస్తువు మనలను కదలింపజాలదు. ఈ కారణముచేతనే పావ్లోవు తన ప్రయోగములకు ఆకలితోనున్న కుక్కలను ఎన్నుకొనుచుండెను.

అయితే కొరతకును ఒక హద్దు కలదు. 1917 నాటి విప్లవము తరువాత అంతర్యుద్ధమును, కరవును ఆ దేశమును పీడించెను. ప్రయోగశాలలోని కుక్కలు తిండిలేక కృశించి మరణించెను, పరిశోధనలు కుంటుపడెను. డెబ్బదియేండ్ల వృద్ధుడైన పావ్లోవు పరిశోధనాలయపు భూమిలో స్వయముగా కూరగాయలు పండించెను. 1921లో లెనిన్ సంతకముతో వెలువడిన ఆజ్ఞచే ఆయన పనికి ప్రత్యేక సౌకర్యములు ఏర్పడెను.

కడుపు నిండిన కుక్కను ధ్వని కదలింపలేదు. మరి యాబదియైదవ యేటనే లోకమునందలి గొప్ప బహుమానమును పొందిన పావ్లోవు తృప్తుడై విశ్రమించెనా? లేదు. ఆ బహుమాన సందర్భమున చేసిన ఉపన్యాసముననే, జీర్ణక్రియతోపాటు తాను నూతనముగా చేపట్టిన పరిశోధనను గూర్చియు ఆయన వివరించెను. 1936లో లెనిన్‌గ్రాడు నగరమున ఎనుబదియారేండ్ల వయస్సున మరణించువరకు ఆ పనిని విడువలేదు. అన్నపు ఆకలి తినగా తీరును. జ్ఞానపు ఆకలి తీర్చినకొలది పెరుగును. మొదటి దానిని పావ్లోవు కుక్కలయందు కొలిచి చూపెను. రెండవదానిని తన జీవితముచే చూపెను.