హెచ్. జి. వెల్సు

శాస్త్రవిషయముల నాధారముగా గొని ఆంగ్లమున నవలలు రచించినవారిలో హెర్బర్టు జార్జి వెల్సు అగ్రగణ్యుడు. కాలమున ముందునకును వెనుకకును పోగల యంత్రమును, కంటికి గానరాని మనుష్యుని, కుజగ్రహమునుండి దిగివచ్చిన శత్రువులను కల్పించి అతడు లోకము నాశ్చర్యపరచెను. ఆ నవలలను చదివినవారు అసంఖ్యాకులు. కాని వానిని రచించినవాడు పదునాల్గవ యేట గుడ్డల దుకాణమున పనికి కుదిరెననియు, పిదప గొప్ప కళాశాలలో చేరియు పట్టము పొందలేకపోయెననియు, తుదకు కళాశాల వెలుపలనే తనంతట తాను చదివి పట్టభద్రుడయ్యెననియు ఎరిగినవారు కొలదిమంది మాత్రమే.

వెల్సు 1866వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన ఇంగ్లండు దేశమున కెంటు మండలములోని బ్రామ్లీ పట్టణమందు జన్మించెను. తండ్రి జోసెఫు పింగాణిసామానుల దుకాణము నడుపుచు, క్రికెట్టు ఆటవలన కొంత ధనము గడించుచుండెను. తల్లి సారా వివాహమునకు పూర్వము అప్‌పార్కు అను ఒక ధనికుల మేడలో పరిచారికగా నుండెను. దుకాణమున బేరము అంతంతమాత్రముగ నుండుటచే సంసారము కష్టముతో గడచుచుండెను.

1874లో బాలునకు కాలు విరిగి, కొన్ని వారములు మంచము విడువ వీలులేకపోయెను. తండ్రి అతనికొరకు గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చుచుండెను. దేశములను గూర్చియు, జంతువులను గూర్చియు, నక్షత్రములను గూర్చియు చదువుచు బాలుడు తన బాధను మరచెను. కాలు నయమయ్యెను గాని, ఆనాడు పట్టుబడిన పఠనవ్యసనము మాత్రము అతనిని జీవితాంతము విడువలేదు.

1877లో తండ్రి జారిపడి తొడయెముక విరుగగొట్టుకొనెను. క్రికెట్టువలన వచ్చు రాబడి అంతటితో నిలిచిపోయెను. 1880లో తల్లి తాను పూర్వము పనిచేసిన అప్‌పార్కు మేడలోనే గృహనిర్వాహకురాలిగా చేరెను. పిల్లలను చదివించు స్తోమత ఆ కుటుంబమునకు లేదు. గుడ్డల వ్యాపారము మర్యాదగల వృత్తి యని తల్లి నమ్మకము. ఆమె కుమారుని విండ్సరులోని ఒక దుకాణమున పనికి బెట్టెను. అతని మనస్సు పనిమీద నిలువలేదు, లెక్కలు తప్పుచుండెను. కొలదికాలములోనే యజమానులు అతనిని పంపివేసిరి.

పిదప అతడు మిడ్‌హర్స్టు గ్రామమున ఒక ఔషధశాలలో కుదిరెను. మందుల పేర్లు తెలిసికొనుటకు లాటిను భాష అవసరమయ్యెను. ఆ యూరి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడైన హోరేసు బయాటు అతనికి ఆ భాషను నేర్పుటకు పూనుకొనెను. ఈ బాలుడు పాఠములను గ్రహించు వేగమును జూచి ఆయన విస్మయము చెందెను. కాని ఔషధవిక్రేత కావలెనన్నచో చాల ధనము వెచ్చింపవలెను. అందుచే ఆ యాశయు విడువవలసి వచ్చెను.

1881లో వెల్సు సౌత్‌సీ పట్టణమందు మఱియొక గుడ్డల దుకాణమున, నాలుగేండ్ల ఒడంబడికపై చేరెను. దినమునకు పదుమూడు గంటల పని. రాత్రి తక్కిన పనివారితో కలిసి ఒకే గదిలో నిద్ర. బట్టలు మడతపెట్టుట, సర్దుట, చెప్పిన చోటికి పరుగెత్తుట, ఇదియే అతని దినచర్య. దొరికిన కొద్దిపాటి విరామమునందు అతడు ఏదో యొక పుస్తకము తెరచుచుండెను. రెండేండ్లు గడచిన పిదప, ఇక ఇట్టి జీవితము సాగింపజాలనని నిశ్చయించుకొని, 1883లో ఒక ఆదివారమునాడు పదునేడు మైళ్లు నడచి తల్లికడకు బోయి, తన్ను ఆ బంధమునుండి విడిపింపుమని వేడుకొనెను. కష్టపడి కూర్చిన సొమ్ము యజమానునకు చెల్లించియున్న ఆ తల్లికి సమ్మతించుట సులభము కాలేదు. తుదకు ఆమె కుమారుని పట్టుదలకు లొంగెను.

బయాటు తన పూర్వశిష్యుని మరువలేదు. అతనిని పాఠశాలలో సహాయోపాధ్యాయునిగా నియమించెను. ఆ కాలమున విజ్ఞానశాస్త్ర పరీక్షలలో విద్యార్థులు ఉత్తీర్ణులైనకొలది ప్రభుత్వము పాఠశాలలకు ధనసహాయము చేయుచుండెను. బయాటు సాయంకాలపు తరగతులను పేరునకు నెలకొల్పెను. వాస్తవముగ అక్కడ బోధన యనునది లేదు. వెల్సు ఒక్కడే పాఠ్యపుస్తకములను ముందుంచుకొని చదువుచుండ, ఉపాధ్యాయుడు తన ఉత్తరములు తాను వ్రాసికొనుచుండెడివాడు. ఆ విధముగ వెల్సు అనేక శాస్త్రములను స్వయముగ నభ్యసించి, పరీక్షలలో మిక్కిలి పైస్థానములను పొందెను. తత్ఫలితముగ 1884లో అతనికి లండనునందలి సౌత్ కెన్సింగ్టనులో నున్న విజ్ఞాన కళాశాలలో చేరుటకు విద్యార్థివేతనము లభించెను. వారమునకు ఒక గినీ, అనగా ఇరువదియొక్క షిల్లింగులు, అతనికి జీవనాధారము.

అక్కడ మొదటి సంవత్సరమున జీవశాస్త్రము బోధించినవాడు థామస్ హెన్రీ హక్స్లీ. డార్విను సిద్ధాంతమును లోకమునకు తెలియజెప్పిన ఆ మహాశాస్త్రజ్ఞుని పాదములకడ కూర్చుండుట వెల్సునకు మహాభాగ్యముగ దోచెను. ఆ యేడు అతడు ప్రథమశ్రేణిలో నెగ్గెను. కాని తరువాతి సంవత్సరములలో భౌతికశాస్త్రమును, భూగర్భశాస్త్రమును అతని మనస్సు నాకర్షింపలేదు. తరగతులు మాని గ్రంథాలయమున వేఱు పుస్తకములు చదువుచు, చర్చాసభలలో నుపన్యసించుచు, విద్యార్థుల పత్రికను నడుపుచు కాలము గడపెను. ఫలితము తప్పలేదు. 1887లో అతడు భూగర్భశాస్త్రపు తుదిపరీక్షలో తప్పెను. గొప్ప గురువులు, ప్రయోగశాల, విద్యార్థివేతనము అన్నియు నుండియు, పట్టము లేకయే అతడు కళాశాలను విడువవలసి వచ్చెను.

ఆపదలు ఒంటరిగ రావు. ఉదరపోషణార్థమై అతడు హోల్టు గ్రామమందలి ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరెను. అక్కడ ఫుట్‌బాలు ఆడుచుండగా ఒకడు ఢీకొనుటచే మూత్రపిండమునకు తీవ్రమైన గాయమయ్యెను. పిదప దగ్గుతో రక్తము పడజొచ్చెను. క్షయరోగ మని వైద్యులు భయపడిరి. అతడు తల్లియున్న అప్‌పార్కు చేరి కొన్ని మాసములు మంచము పట్టెను. ఇరువదియొక్క యేండ్ల వయసున ఆరోగ్యము లేదు, ధనము లేదు, పట్టము లేదు. 1888లో లండనుకు తిరిగివచ్చి, దొరికిన చిన్నచిన్న పనులు చేయుచు ఒక చిన్నగదిలో కాలము గడపెను.

అతనికి అప్పుడు తోడ్పడినది లండను విశ్వవిద్యాలయమునందలి ఒక నియమము. 1836లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయము 1858లో ఒక క్రొత్త పద్ధతిని ప్రారంభించెను. వైద్యము వంటివి తప్ప, తక్కిన పట్టములకొరకు ఎవరు ఎక్కడ చదివిరని అడుగకుండ, రుసుము చెల్లించి పరీక్షలలో నెగ్గినవారికెల్ల పట్టము నొసగసాగెను. 1878నుండి స్త్రీలకును ఈ యవకాశము కలిగెను. ప్రవేశపరీక్ష, మధ్యమపరీక్ష, తుదిపరీక్ష అను మెట్ల నొకదాని తరువాత నొకటి, ఎవరి వీలునుబట్టి వారు ఎక్కవచ్చును. ఇది బీదలకు గొప్ప వరమయ్యెను. కాని విశ్వవిద్యాలయము పరీక్షించునే గాని బోధింపదు. ఏమి చదువవలెను, ఎంత చదువవలెను, వ్రాసిన జవాబులో దోషమెక్కడ నున్నదని చెప్పువారు లేక ఏకాంతముగ చదువువారు దిక్కు తోచక యుండిరి.

ఈ లోపమును తీర్చుటకు 1887లో విలియం బ్రిగ్సు అను నతడు కేంబ్రిడ్జి పట్టణము కేంద్రముగా యూనివర్సిటీ కరస్పాండెన్సు కాలేజిని స్థాపించెను. ఈ కళాశాల తపాలాద్వారా నడచుచుండెను. విద్యార్థి యింటికి పాఠప్రణాళిక వచ్చును. అతడు నిర్దిష్టమైన భాగములను చదివి, ప్రశ్నలకు జవాబులు వ్రాసి తపాలాలో పంపును. అధ్యాపకులు వానిని దిద్ది, మాదిరి సమాధానములతో త్రిప్పి పంపుదురు. పగలెల్ల పాఠశాలలలో పిల్లలకు బోధించి రాత్రి దీపము ముందర చదువుకొను బడిపంతుళ్లు పెక్కుమంది ఇట్టి చదువును ఆశ్రయించిరి.

వెల్సు స్థితియు అట్టిదే. 1889 ప్రారంభమున అతడు లండనులోని కిల్బర్ను ప్రాంతమున హెన్లీహౌసు పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. పిదప బాలసాహిత్యమున ప్రసిద్ధికెక్కిన ఏ. ఏ. మిల్ను చిన్నతనమున ఆ పాఠశాలలో వెల్సుకడ చదువుకొనెను. పగలు పాఠములు చెప్పుట, రాత్రి తన పరీక్షలకు చదువుట, ఇదియే వెల్సు నియమము. గంట కొట్టి పిలుచువారు లేరు. హాజరు వేయువారు లేరు. పూర్వము కళాశాలలో గురువులు విధించిన క్రమమును ధిక్కరించిన యువకుడు, ఇప్పుడు తనకు తానే క్రమమును విధించుకొనెను. దేహము దుర్బలమైనను పట్టు విడువలేదు. 1889లోనే బి. ఎస్సి. మధ్యమపరీక్షలో నెగ్గెను. బోధనశాస్త్రమునందును ఒక యోగ్యతాపత్రమును సంపాదించెను.

1890లో తుదిపరీక్ష జరిగెను. వెల్సు జంతుశాస్త్రమున ప్రథమశ్రేణి గౌరవములతో ఉత్తీర్ణుడయ్యెను. భూగర్భశాస్త్రమున ద్వితీయశ్రేణి లభించెను. మూడేండ్ల క్రిందట కళాశాలలో, గురువుల సమక్షమున, ఏ శాస్త్రమునందు తప్పెనో, ఆ శాస్త్రమునందే ఇప్పుడు ఒంటరిగ చదివి గౌరవస్థానమును పొందెను. పుస్తకములు మారలేదు; శాస్త్రము మారలేదు; మారినది విద్యార్థి మనస్సు.

బ్రిగ్సు ఈ యువకుని యోగ్యతను గుర్తించి తన కళాశాలలో జీవశాస్త్రాధ్యాపకునిగా నియమించెను. దేశమున నలుమూలలనుండి వచ్చు జవాబుపత్రములను దిద్దుట వెల్సునకు నిత్యకృత్యమయ్యెను. కాని జీవశాస్త్రమును కేవలము కాగితముమీద నేర్చుట సాధ్యము కాదు. కప్పను కోసి దాని గుండెను కంటితో చూడనివాడు, దానిని గూర్చి ఎన్ని పుటలు చదివినను ఏమి ప్రయోజనము? అందుచే ఆ కళాశాలవారు లండనులో ప్రయోగతరగతులు ఏర్పాటు చేసిరి. తపాలాద్వారా చదువువారు అక్కడకు వచ్చి, వెల్సు పర్యవేక్షణమున స్వహస్తములతో జంతువులను కోసి పరిశీలించుచుండిరి. 1893లో వెల్సు వారికొరకు జీవశాస్త్ర పాఠ్యగ్రంథమును రచించెను. కుందేలు, కప్ప, సొరజాతికి జెందిన ఒక చిన్న చేప మొదలగువాని శరీరనిర్మాణము అందు విశదీకరింపబడెను. పటములను కూడ తానే గీసెను. అదియే అతని తొలి ప్రధాన గ్రంథము.

అయినను ఈ చదువులోని లోపములను వెల్సు ఎరుగకపోలేదు. పరీక్షలో అడుగబోవు ప్రశ్నలకు జవాబులు సిద్ధపరచుకొనుట వేఱు, శాస్త్రమును తెలిసికొనుట వేఱు అని అతడు గ్రహించెను. తాను నడిపిన తరగతులును పరీక్షలకే కట్టుబడియుండెనని పిమ్మట తన ఆత్మకథలో నిస్సంకోచముగ విమర్శించెను. మార్గము చూపుట ఒక్కటే కళాశాల పని. నిజముగ తెలిసికొనవలె ననెడి కోరికను విద్యార్థియే తెచ్చుకొనవలెను.

1893లో మరల రక్తము పడుటచే వెల్సు తరగతులలో బోధించుట మానవలసి వచ్చెను. ఇంటియొద్ద కూర్చుండి చేయదగిన పని వ్రాత యొక్కటే. పత్రికలకు వ్యాసములు వ్రాయుచు క్రమముగ నవలారచనకు పూనుకొనెను. 1895లో కాలయంత్రమును గూర్చిన నవలయు, 1897లో అదృశ్యమానవుని కథయు, 1898లో కుజగ్రహవాసుల దండయాత్రను వర్ణించు నవలయు వెలువడెను. ఆ కల్పనలకు బలము చేకూర్చినది అతడు రాత్రులు మేలుకొని సంపాదించిన శాస్త్రజ్ఞానమే. 1920లో ప్రపంచచరిత్రను సామాన్యజనులకొరకు గ్రంథరూపమున ప్రకటించెను. 1930లో, తన గురువగు హక్స్లీ మనుమడైన జూలియను హక్స్లీతోడను, తన కుమారునితోడను కలిసి జీవశాస్త్రమును గూర్చి ఒక బృహద్గ్రంథమును వెలువరించెను. కళాశాలలకు పోజాలనివారికి సైతము జ్ఞానము అందవలెననుటయే ఆ గ్రంథముల ముఖ్యోద్దేశము.

డెబ్బదియైదేండ్లు దాటిన పిదపకూడ అతనిలోని విద్యార్థి నిద్రింపలేదు. యుద్ధకాలమున, లండనుపై బాంబులు పడిన దినములు గడచిన కొలదికాలమునకే, అతడు ఒక పరిశోధనవ్యాసమును సమర్పించి, అదే లండను విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను. 1946వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన లండను నగరమున స్వర్గస్థుడయ్యెను.

బ్రిగ్సు స్థాపించిన కళాశాల 1960వ దశకమున మఱియొక సంస్థలో కలిసిపోయెను. ఆ చదువుయొక్క ఆశయము మాత్రము నశింపలేదు. 1969లో బ్రిటనునందు సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమై, భారతదేశమున అట్టివానిలో మొదటిదయ్యెను. 1991నుండి అది డాక్టరు బి. ఆర్. అంబేద్కరు పేరు ధరించినది. పనిపాటలు చేసికొనుచు చదువుకొనువారు ఇట్టి విద్యాలయములద్వారా పట్టభద్రులైరి.

గురువు ఎదుట లేకున్నను విలువిద్య నేర్చిన ఏకలవ్యుని కథ మన దేశమున పసిపిల్లలకును తెలిసినదే. కాని గురువు ఎదుట నున్నంతకాలము అశ్రద్ధ చేసి, ఓటమినొంది, వ్యాధిపాలై, పిదప తన తప్పును తానే దిద్దుకొని చదివిన వెల్సు చరిత్రము సామాన్యులకు మఱింత చేరువైనది. ఒకసారి తప్పినవానికి విద్యాద్వారము శాశ్వతముగ మూసికొనిపోదు. దానిని మరల తట్టుటకు కావలసినది, తన కాలమును తాను కాపాడుకొనగల దీక్ష.