ఉస్తరా పట్టినవారి పీర్ హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి)

పత్తి, మిర్చి పండే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో క్షౌరవృత్తి మీద బతికే ముస్లిం కుటుంబాలు అక్కడక్కడ ఉన్నాయి. వారిని హజామ్‌లంటాం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బి.సి.-ఇ జాబితాలో చేర్చిన ముస్లిం వర్గాల్లో హజామ్, నాయి పేర్లున్నాయి. బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా జరిపి తొలి వెంట్రుకలు తీయించాలంటే వారికే కబురు పంపుతాం. ఆ ఇంటి నుంచి పెళ్లి సంబంధం వచ్చిందంటే మాత్రం మనలో చాలామంది మాట మారుస్తాం.

ఉత్తర భారతంలో ఈ వృత్తివారు తమను సల్మానీలని చెప్పుకుంటారు. ఆ పేరు దైవప్రవక్త (స) సహచరులు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) నుంచి తీసుకున్నది. ఉస్మానీ తుర్కుల కాలంలో క్షురకుల సంఘాలు కూడా ఆయన్నే తమ పీర్‌గా భావించేవి. దైవప్రవక్త (స) వారికి క్షౌరం చేసే భాగ్యం సల్మాన్‌కు దక్కిందని వృత్తివారి నమ్మకం. సీరత్, హదీసు గ్రంథాల్లో మాత్రం హుదైబియా వద్ద శిరోముండనం చేసినవారు ఖిరాష్ బిన్ ఉమయ్యా అనీ, వీడ్కోలు హజ్‌లో మఅమర్ బిన్ అబ్దుల్లా అనీ ఉంది. అయినా ఇన్ని దేశాల శ్రమజీవులు ఒకప్పటి బానిసను ఏరి కోరి తమ పెద్దగా ఎందుకు నిలుపుకున్నారో ఆయన జీవితం చదివితే అర్థమవుతుంది.

ఇస్ఫహాన్ దగ్గరి జయ్ గ్రామంలో సల్మాన్ పుట్టారు. తండ్రి ఊరిపెద్ద, భూస్వామి. ఆడపిల్లను దాచినట్లు కొడుకును ఇల్లు కదలనిచ్చేవాడు కాదు. వారిది అగ్నిని ఆరాధించే కుటుంబం. నిప్పు ఆరిపోకుండా చూడడం కుర్రవాడి పని. ఒకనాడు తండ్రి పొలం చూసి రమ్మని పంపితే, దారిలో చర్చిలోని ప్రార్థన విని అక్కడే ఆగిపోయారు. పొలం సంగతి మరిచి పొద్దుగూకాక ఇల్లు చేరారు. తండ్రి కాళ్లకు సంకెళ్లు వేశాడు. సల్మాన్ వాటిని వదిలించుకుని సిరియా వెళ్లే బిడారుతో కలిసి ఇల్లు విడిచారు.

అక్కడ ఆయన సేవించిన మొదటి గురువు, జనం పేదలకిమ్మని ఇచ్చిన సొమ్మును ఏడు జాడీల్లో దాచుకున్న మనిషి. ఆయన తర్వాత వచ్చినవాడు నిజమైన భక్తుడు. ఒక గురువు కన్నుమూస్తూ ఇంకొకరి పేరు చెప్పేవాడు, సల్మాన్ మూట కట్టుకుని బయలుదేరేవారు. మోసుల్, నసీబీన్, అమ్మూరియా. ఊడిగం చేస్తూ నేర్చుకోవడంలోనే యౌవనం గడిచిపోయింది.

ఇలా ఉస్తాద్ కింద షాగిర్దుగా పడి ఉండడమంటే ఏమిటో ఉస్తరా పని నేర్చినవారికి చెప్పనక్కరలేదు. కొత్తగా చేరిన కుర్రవాడి చేతికి మొదటే కత్తి ఇవ్వరు. ఊడ్చడం, నీళ్లు కాచడం, సబ్బు నురగ చిక్కగా వచ్చేదాకా బ్రష్షు తిప్పడం, ఇవీ తొలి పాఠాలు. తర్వాత సానరాయి. కత్తి వీపు, అంచు రెండూ రాతిని తాకేలా పడుకోబెట్టి, అంచు ముందుకు నడిచేలా నూరాలి. తోలుపట్టా మీద ఇందుకు తలకిందులు, వీపు ముందు నడవాలి, అంచు వెనుక రావాలి. ఈ తేడా మరిచిన కుర్రవాడు పట్టాను కోసేస్తాడు. పదును తగ్గిన ఉస్తరా ప్రమాదం లేనిదని కొత్తవారు అనుకుంటారు. నిజానికి మొద్దుకత్తికి బలం వాడాలి, బలం వాడితే గాటు పడుతుంది.

ఇక చర్మం మీద. గోరువెచ్చని నీటితో వెంట్రుకను బాగా మెత్తబరచాలి. ఎడమచేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టి, కత్తిని సుమారు ముప్ఫై డిగ్రీల వాలులో ఉంచి, వెంట్రుక మొలిచిన దిశగానే చిన్న చిన్న గీతలుగా నడపాలి. నిలువుగా పెడితే గీరుకుంటుంది, అడ్డంగా జారిస్తే కోస్తుంది. చెంప నుంచి మొదలుపెట్టి, గవదను, గొంతును, పైపెదవిని చెయ్యి కుదిరాక చూసుకోవాలి. తల గొరిగేటప్పుడు కుడివైపు నుంచి మొదలుపెట్టడం సున్నత్. (గడ్డం తీయడం గురించిన ఫిఖ్హ్ చర్చ ఇక్కడ పెట్టుకోవడం లేదు, అది మరో శుక్రవారం మాట.) గాటు పడితే తడిపటిక రాస్తే రక్తం ఆగుతుంది. మిర్చి కల్లాల రోజుల్లో మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. కాయలు ఏరిన చేతి ఘాటు గాటుకు తగిలిందంటే ఆ మనిషి కుర్చీలో నిలవడు. అందుకే ఇటు చేసేవాడూ, అటు చేయించుకునేవాడూ ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఒకరి రక్తం అంటిన కత్తి మరొకరికి తగలకూడదన్న సంగతి ఎయిడ్స్ భయం వచ్చాక జనానికి తెలిసింది. సెలూన్లలో సాన పట్టే ఉస్తరా పోయి, సగం బ్లేడు తొడిగే కత్తి వచ్చింది. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి కూడా ఇలాగే అంటుకుంటుంది. హజ్, ఉమ్రాలకు వెళ్లేవారు వీధిపక్క కూర్చున్నవాడికి తల అప్పగించకుండా, లైసెన్సున్న దుకాణంలో తమ ఎదుటే కొత్త బ్లేడు తొడిగించుకోవాలి. కళ్లు మూసుకుని గొంతు అప్పగించినవాడి ప్రాణం ఆ కాసేపు క్షురకుడి చేతిలో అమానత్. ఇంతటి నమ్మకం పెట్టుకునే చేతిని తక్కువ చేతిగా ఎలా ఎంచుతున్నామో మాకు బోధపడదు.

మళ్లీ సల్మాన్ దగ్గరకు వద్దాం. అరబ్బు నేలలో ఒక ప్రవక్త రానున్నారని అమ్మూరియా గురువు చెప్పగా, తాను కూడబెట్టిన ఆవులను, మేకలను కల్బ్ తెగ వ్యాపారులకిచ్చి వారి వెంట వెళ్లారు. వారు నమ్మించి, వాదిల్ ఖురాలో ఆయన్ను బానిసగా అమ్మేశారు. చేతులు మారి మదీనా చేరారు. క్రీ.శ. 622లో దైవప్రవక్త (స) ఖుబాకు వచ్చారన్న వార్త చెవిన పడేసరికి ఆయన ఖర్జూరపు చెట్టు మీద పనిలో ఉన్నారు. ఒళ్లు వణికి కింద పడేంత పనైంది. వెళ్లి చూసి, తన గురువు చెప్పిన గుర్తులు సరిపోల్చుకుని విశ్వసించారు. దాస్యం వల్ల బద్ర్, ఉహుద్ యుద్ధాలకు వెళ్లలేకపోయారు.

ఆయన విడుదలకు యజమాని పెట్టిన వెల మూడువందల ఖర్జూరపు మొక్కలు, నలభై ఊఖియాల బంగారం. సహచరులు తలా కొన్ని మొక్కలు తెచ్చారు. గుంతలు తవ్వాక దైవప్రవక్త (స) స్వయంగా తన చేతులతో వాటిని నాటారు. క్రీ.శ. 627లో శత్రుసేనలు మదీనాపైకి వచ్చినప్పుడు, పర్షియాలో చేసే విధంగా ఊరి చుట్టూ కందకం తవ్వాలని సూచించింది సల్మానే. ఆయన మావాడంటే మావాడని ముహాజిర్లు, అన్సార్లు పోటీపడగా, దైవప్రవక్త (స) ఆయన్ను తన ఇంటివారిలో ఒకరిగా ప్రకటించారు.

అంతటివారికీ ఒక గుమ్మం దగ్గర తిరస్కారం తప్పలేదు. బనూ లైస్ తెగలో ఒక స్త్రీని సల్మాన్ కోసం అడగడానికి ఆయన ధర్మసోదరులు అబూ దర్దా (రజి) లోపలికి వెళ్లారనీ, సల్మాన్ విద్యను, విశ్వాసాన్ని ఎంత వర్ణించినా ఆ పెద్దలు ఒప్పుకోక, పిల్లను అబూ దర్దాకే ఇస్తామన్నారనీ, ఆ పెళ్లే జరిగిందనీ గ్రంథాల్లో ఉంది. అబూ దర్దా సిగ్గుపడుతూ బయటికి వస్తే, అల్లాహ్ అతనికి రాసిపెట్టిన స్త్రీని అడగడానికి వచ్చిన తానే సిగ్గుపడాలని సల్మాన్ ఆయన్ను ఊరడించారట. తరువాత ఆయన కిందా తెగ స్త్రీని వివాహమాడారు. హజామ్ ఇంటి సంబంధాన్ని తోసిపుచ్చే మన పెద్దలు ఈ ఉదంతంలో తాము ఎవరి పక్కన నిలబడ్డారో చూసుకోవాలి.

క్రీ.శ. 637లో మదాయిన్ ముస్లింల వశమైంది. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ను అక్కడికి పాలకునిగా నియమించారు. ఏడాదికి ఐదువేల దిర్హముల భత్యం వస్తే మొత్తం దానం చేసి, తాను ఈతాకుల బుట్టలల్లి బతికేవారు. ఒక దిర్హముకు ఆకు కొని, అల్లినవి మూడు దిర్హములకు అమ్మి, ఒకటి మళ్లీ ఆకుకు, ఒకటి ఇంటికి, ఒకటి దానానికి పెట్టేవారు. ఆయన వేషం చూసి కూలివాడనుకున్న ఒక పరదేశి తన మూట ఎత్తాడు. దారిలో జనం పాలకుడని పలకరించగా అతను గుండె జారి మూట దించమన్నాడు. సల్మాన్ వినలేదు, గమ్యం దాకా మోశారు.

క్రీ.శ. 656 ప్రాంతంలో మదాయిన్‌లోనే కన్నుమూశారు. చివరి రోజుల్లో, ఇహలోకం నుంచి బాటసారికి సరిపడినంతే తీసుకుంటామని దైవప్రవక్త (స) వారికిచ్చిన మాట తప్పానేమోనని, చుట్టూ ఉన్న సామాన్లు చూసి ఏడ్చారు. ఆ సామాన్లు కొద్దిపాటి గిన్నెలు మాత్రమే. మరణానంతరం చూస్తే ఆయన వదిలి వెళ్లింది ఇరవై దిర్హములకు కాస్త పైచిలుకు. బగ్దాద్‌కు దక్షిణంగా, ఆయన పేరుతోనే సల్మాన్ పాక్ అని పిలిచే ఊళ్లో ఆయన సమాధి ఉంది.